సర్వీసులో నేర్చి, విశ్రాంతిలో బోధించిన బ్రౌన్ దొర

నేడు మన మనుమలు, మనుమరాండ్రు విశ్వవిద్యాలయాల్లో భాషాశాస్త్రం చదువుతున్నారు. ఆ చదువుకు పట్టాలు లేని రోజుల్లోనే ఒక సర్కారు ఉద్యోగి మన కడపలో తెలుగును శాస్త్రీయంగా పరిశీలించారు. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించిన బ్రౌన్ 1817లో కంపెనీ కొలువుకై మద్రాసు వచ్చారు. కొత్త ఉద్యోగులు సెయింట్ జార్జి కోట కాలేజీలో దేశభాషలు నేర్వాలి. దక్షిణాది భాషలు సంస్కృతం నుండి పుట్టినవి కావని, వాటిది వేరే కుటుంబమని ఆ కాలేజీకి చెందిన ఎల్లిస్ 1816లోనే చాటారు. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు గారి వద్ద బ్రౌన్ తెలుగు ప్రారంభించారు.

1820లో కడపలో ఉద్యోగం. తరువాత మచిలీపట్నంలో ఉండగా వేమనపై ఆసక్తి కలిగింది. 1826లో తిరిగి కడప చేరి, బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులను నియమించారు. తాటాకు గ్రంథాలు చెదల పాలవుతున్న కాలమది. ఒక్కో కావ్యానికి పలు ప్రతులు తెప్పించి, పాఠాలు సరిపోల్చి, శుద్ధ ప్రతులు రాయించారు. ఇందుకు అప్పులు కూడా చేశారు. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయి. శ్రీశైల మల్లన్నను కొలిచే జంగముల ఆచారాల మీద, సాహిత్యం మీద 1840లో వ్యాసం ప్రకటించారు.

1852లో వెలువడిన ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో కావ్యాల మాటల పక్కనే జనం నోటి మాటలకూ చోటు దక్కింది. కచేరీల్లో వాడే అన్యదేశ్యాలను మిశ్రభాషా నిఘంటువులో చేర్చారు. మనం సర్వీసంతా రాసిన జమాబందీ, దాఖలా, వసూలు ఆ కోవలోవే.

1855లో ఉద్యోగం విరమించి లండన్ వెళ్ళినా ఆయన తెలుగును విడువలేదు. 1865లో, అరవయ్యారేళ్ళు దాటాక, లండన్ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యులయ్యారు. 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారి కృషి ఫలితంగా, కడపలో ఆయన బంగళా ఉన్న చోటనే నేడు బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వెలసింది.

సేద్యపు మాటలు, కచేరీ మాటలు, మన సీమ సామెతలు పెద్దలమైన మనకింకా గుర్తున్నాయి. చదువుకునే పిల్లలకు వాటిని చెప్పి రాయిద్దాం. మనతోనే అవి పోరాదు. బ్రౌన్ దొరకు మనం చేయగల సేవ ఇదే.