రుడాల్ఫ్ విర్కో

గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టి మనలను కాపాడుతుంది. అదే రక్తం నాళాల లోపల గడ్డకడితే ప్రాణానికే ముప్పు. ఆ గడ్డల గుట్టు విప్పినవారిలో ముఖ్యుడు రుడాల్ఫ్ విర్కో.

ఆయన 1821 అక్టోబరు 13న పొమరేనియాలోని ఒక చిన్న పట్టణంలో జన్మించాడు. ఆ పట్టణం ఇప్పుడు పోలండ్ దేశంలో ఉంది. బెర్లిన్‌లో వైద్యవిద్య అభ్యసించి 1843లో పట్టా పొందాడు.

ఊపిరితిత్తుల నాళాలలో కనబడే గడ్డలు అక్కడే పుడతాయని ఆనాటి వైద్యులు నమ్మేవారు. విర్కో ఆ మాటను పరీక్షించకుండా ఒప్పుకోలేదు. కుక్కల సిరలలో చిన్న రబ్బరు ముక్కలు ప్రవేశపెట్టి, అవి రక్తంతోపాటు ఊపిరితిత్తులకు చేరడం చూశాడు. కాలి సిరలలో పుట్టిన గడ్డలే అలా కొట్టుకువస్తాయని నిరూపించాడు.

1848లో ఎగువ సైలీషియాలో టైఫస్ జ్వరం ప్రబలింది. పరిశీలనకు వెళ్లిన విర్కో పేదరికాన్నీ, చదువులేమినీ, పాలకుల నిర్లక్ష్యాన్నీ నిర్భయంగా ఎత్తిచూపాడు. ప్రజల ఉద్యమంలోనూ పాల్గొన్నాడు. ఫలితంగా 1849లో బెర్లిన్ కొలువు పోయింది. అయినా వెనుదీయలేదు. వూర్జ్‌బర్గ్‌లో ఆచార్యుడుగా పనిచేసి, 1856లో సగౌరవంగా బెర్లిన్‌కు తిరిగివచ్చాడు.

రోగాలకు మూలం కణాలలోనే ఉందని 1858లో వెలువడిన గ్రంథంలో వివరించాడు. రక్తనాళపు గోడ కూడా సజీవ కణాల కూర్పే. దాని లోపలి పొర గడ్డలను అడ్డుకుంటుందనీ, వయస్సు పైబడినకొద్దీ ఆ శక్తి సన్నగిల్లుతుందనీ తరువాతి శాస్త్రజ్ఞులు తెలుసుకొన్నారు. అందుకే పిల్లలలో అరుదైన ఈ గడ్డలు వృద్ధులలో ఎక్కువ.

విర్కో 1902 సెప్టెంబరు 5న మరణించాడు. ఎవరు చెప్పినా సరే, స్వయంగా పరీక్షించి సత్యం తెలుసుకోవాలన్నదే ఆయన జీవితం నేర్పే పాఠం.