ఆగస్ట్ వోలర్
ఆగస్ట్ వోలర్ (జూన్ 22, 1819 - మార్చి 21, 1914) జర్మనీకి చెందిన రైల్వే ఇంజనీరు. లోహములలో కలుగు అలసటను (ఫెటీగ్) క్రమబద్ధమైన ప్రయోగముల ద్వారా పరిశోధించిన తొలి శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు. అధిక ప్రతిబలమునకు లోనయ్యే యంత్రభాగములకు తగిన ఉక్కును ఎంచుకొనే పద్ధతికి ఇతని పరిశోధనలే పునాది. ఇతని పేరు మీదనే వోలర్ వక్రరేఖ ప్రసిద్ధి చెందింది. దీనినే ఎస్-ఎన్ వక్రరేఖ అని కూడా అంటారు. యూరియాను కృత్రిమంగా తయారుచేసిన రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ వోలర్, ఇతడు వేర్వేరు వ్యక్తులు.

బాల్యము, విద్య

వోలర్ అప్పటి హనోవర్ రాజ్యంలోని సోల్టావ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి ఉపాధ్యాయుడు. హనోవర్ నగరంలోని సాంకేతిక విద్యాలయంలో చదువుకున్నాడు. తరువాత బెర్లిన్‌లో ఆవిరి ఇంజన్లను నిర్మించే బోర్సిగ్ కర్మాగారంలో పనిచేసి, రైలు ఇంజను నడపడం నేర్చుకొనుటకు బెల్జియం వెళ్ళాడు. తిరిగి వచ్చిన పిదప కొంతకాలం హనోవర్ రైల్వేలో ఉద్యోగం చేశాడు.

విరిగే ఇరుసుల సమస్య

వోలర్ ఉద్యోగంలో ప్రవేశించేనాటికి ఐరోపా రైల్వేలను ఇరుసులు విరగడం అనే సమస్య పీడించుచుండెను. 1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయ్ నుండి పారిస్ తిరిగి వస్తున్న రైలు ఇంజను ఇరుసు విరిగి, వెనుక ఉన్న పెట్టెలు ఇంజను మీదికి ఎక్కి మంటలు చెలరేగాయి. 50 మందికి పైగా మరణించారు. ప్రసిద్ధ నావికుడు, అన్వేషకుడు ద్యూమోన్ ద్యుర్విల్ తన భార్య, కుమారునితో సహా ఈ ప్రమాదంలోనే ప్రాణాలు కోల్పోయాడు.

విరిగిన ఇరుసులను పరిశీలించినవారికి ఒక విషయం అంతుపట్టలేదు. అవి మోస్తున్న బరువు వాటి బలంతో పోలిస్తే చాలా తక్కువ. మెత్తని ఇనుముతో చేసినవైనా, వంగకుండా, సాగకుండా గాజువలె పుటుక్కున విరిగేవి. విరిగిన చోట లోహం రవ్వలు రవ్వలుగా మెరిసేది. అందుచేత నిరంతరం అదురుట వలన ఇనుము స్ఫటికముగా మారిపోతుందని అప్పట్లో చాలామంది నమ్మారు. ఆ నమ్మకం సరికాదు. స్కాట్లాండుకు చెందిన రాంకిన్ 1840ల దశకంలోనే, ఇరుసు మందం మారే పదునైన మూల వద్ద చిన్న పగులు పుట్టి క్రమంగా లోపలికి పాకుతుందని గుర్తించాడు. కాని ఏ ఇరుసు ఎంత బరువుకు ఎంతకాలం నిలుస్తుందో చెప్పగల లెక్క ఎవరివద్దా లేదు.

ప్రయోగములు

1847లో వోలర్ దిగువ సైలీసియా-మార్క్ రైల్వేలో ఇంజన్లు, పెట్టెల విభాగానికి అధిపతిగా నియమితుడై ఫ్రాంక్‌ఫర్ట్ (ఓడర్ నది మీది పట్టణం) చేరాడు. అక్కడ చేసిన ప్రయోగములే ఇతనికి శాశ్వత కీర్తిని తెచ్చాయి.

మొదట ఇతడు నడుస్తున్న రైలులో ఇరుసు మీద నిజంగా ఎంత భారం పడుతున్నదో కొలిచాడు. ఇరుసు వంగినపుడల్లా ఒక సూది జింకు పలక మీద గీత గీసే సాధనమును అమర్చి, వేల కిలోమీటర్ల ప్రయాణంలో నమోదైన అత్యధిక వంపును లెక్కగట్టాడు. ఈ ఫలితములు 1858, 1860 సంవత్సరములలో ప్రచురితమయ్యాయి.

తరువాత ఆ భారమునే ప్రయోగశాలలో కలిగించే యంత్రములను నిర్మించాడు. తిరిగే ఇరుసు కొనను స్ప్రింగుతో ఒకవైపుకు లాగి ఉంచినపుడు, ఇరుసు పైభాగంలోని ప్రతి బిందువు ఒక చుట్టులో ఒకసారి సాగుతుంది, ఒకసారి నలుగుతుంది. రైలు చక్రం కింద జరిగేదీ ఇదే. ఒక మీటరు వ్యాసం గల చక్రం కిలోమీటరు దూరంలో సుమారు 318 సార్లు తిరుగుతుంది. అనగా లక్ష కిలోమీటర్లు తిరిగిన ఇరుసు మూడు కోట్లకు పైగా ఇటువంటి మార్పులను భరించాలి.

ఫీనిక్స్ కర్మాగారంలో తయారైన ఇనుప ఇరుసుల నుండి తీసిన నమూనాలపై వోలర్ జరిపిన పరీక్షలు నేటికీ పాఠ్యపుస్తకములలో కనిపిస్తాయి. ప్రతిబలమును అప్పటి ప్రష్యా కొలత ప్రకారం చదరపు అంగుళానికి 320 సెంట్నర్లుగా (నేటి కొలతలో సుమారు 230 మెగాపాస్కల్) ఉంచినపుడు నమూనా 56 వేల చుట్లకే విరిగింది. పై లెక్కన ఇది 180 కిలోమీటర్ల ప్రయాణం కూడా కాదు. 180 సెంట్నర్లకు తగ్గించినపుడు 1 కోటి 91 లక్షల చుట్ల వరకు నిలిచింది. 160 సెంట్నర్ల వద్ద 13 కోట్ల 22 లక్షల చుట్లు తిరిగినా విరగలేదు. ఒక్క ప్రతిబలపు ఫలితం కొరకు యంత్రమును నెలల తరబడి నడపవలసి వచ్చేది. మొత్తం పరిశోధనకు సుమారు 20 సంవత్సరములు పట్టింది. సమగ్ర నివేదిక 1870లో వెలువడింది.

ముఖ్య ఫలితములు

* ఒక్కసారి వేస్తే లోహమును విరవలేని ప్రతిబలం కూడా, పలుమార్లు మారుతూ పడితే విరవగలదు.
* ప్రతిబలం తగ్గిన కొలదీ ఆయుష్షు పెరుగుతుంది. ఇనుము, ఉక్కు విషయంలో ఒక హద్దుకు దిగువన ఎన్ని చుట్లయినా విరగదు. దీనినే సహన పరిమితి అంటారు.
* ఆయుష్షును ప్రధానంగా నిర్ణయించేది ప్రతిబలం మారే వ్యాప్తి. గరిష్ఠ ప్రతిబలం పెరిగినపుడు అనుమతించదగిన వ్యాప్తి తగ్గుతుంది.
* మందం ఒక్కసారిగా మారే పదునైన మూల ఇరుసు బలమును బాగా తగ్గిస్తుంది. మూలను గుండ్రంగా తీర్చితే ఆయుష్షు పెరుగుతుంది.

వోలర్ తన ఫలితములను పట్టికలుగానే ప్రచురించాడు. వాటిని వక్రరేఖగా గీసిన ఘనత బెర్లిన్‌లో ఆ పరీక్షలను కొనసాగించిన స్పాంగెన్‌బర్గ్‌ది. 1910లో అమెరికాకు చెందిన బాస్క్విన్ ఈ సంబంధమును లాగరిథం రూపంలో సూత్రీకరించాడు.

ఉక్కు వర్గీకరణ

వోలర్ కృషి ప్రయోగశాలతో ఆగిపోలేదు. ఆ కాలంలో ఉక్కును తయారీదారు పేరు చూసి, తయారైన విధానం చూసి కొనేవారు. లోపల గుణం ఏమిటో కొనేవానికి తెలిసేది కాదు. ఇనుము, ఉక్కులను తన్యత బలం ఆధారంగా, తెగేముందు కడ్డీ ఎంత సన్నబడుతుంది అనేదాని ఆధారంగా వర్గీకరించాలని, వాటిని నిష్పాక్షికమైన సంస్థలు పరీక్షించాలని ఇతడు వాదించాడు. 1870ల చివరి సంవత్సరములలో ఈ ప్రతిపాదన జర్మనీలో పెద్ద చర్చకు దారితీసింది. రైల్వేలు సమర్థించగా ఉక్కు తయారీదారులు అభ్యంతరం తెలిపారు. బలం ఒక్కటే చాలదు, సాగే గుణం కూడా ఉండాలన్న ఇతని వాదన నేటి ఉక్కు ప్రమాణములు అన్నిటిలోనూ కనిపిస్తుంది.

చివరి దశ

1870ల దశకంలో వోలర్ అల్సాస్-లోరెన్ ప్రాంతపు రైల్వేల పాలకవర్గంలో చేరి స్ట్రాస్‌బర్గ్‌లో పనిచేశాడు. 1889లో పదవీ విరమణ చేసి హనోవర్‌లో స్థిరపడ్డాడు. 1914 మార్చి 21న తన 94వ ఏట అక్కడే మరణించాడు.

నేటి మిశ్రమ ఉక్కులు, వోలర్ సూత్రములు

వోలర్ కాలంలో నేటి క్రోమియం, నికెల్, మాలిబ్డినం కలిపిన ఉక్కు కడ్డీలు లేవు. అయినను వాటిని ఎంచుకొనే పద్ధతి ఇతని ఫలితములపైనే ఆధారపడి ఉంది. సాధారణముగా నునుపు చేసిన ఉక్కు నమూనా సహన పరిమితి దాని తన్యత బలంలో సుమారు సగం ఉంటుంది. తన్యత బలం 1400 మెగాపాస్కల్ దాటిన తరువాత ఈ పెరుగుదల ఆగిపోతుంది. కనుక అతి గట్టి ఉక్కు కొన్నంత మాత్రాన ఆయుష్షు పెరుగుతుందని చెప్పలేము. పైగా గట్టి ఉక్కుకు గీతల వలన, పదునైన మూలల వలన హాని ఎక్కువ.

సుమారు 0.4 శాతం కర్బనం గల ఇ.ఎన్.8 ఉక్కు ఓ మాదిరి భారం మోసే ఇరుసులకు చాలును. అంతకన్న బలం కావలసినపుడు క్రోమియం, మాలిబ్డినం గల ఇ.ఎన్.19 వాడతారు. అమెరికా ప్రమాణంలో దీనికి దగ్గరి ఉక్కు 4140. నికెల్ కూడా చేరిన ఇ.ఎన్.24 (అమెరికా ప్రమాణంలో 4340కి దగ్గరిది) భారీ ఇరుసులకు, క్రాంకు షాఫ్టులకు అనువైనది. వీటి మధ్య ముఖ్యమైన తేడా కడ్డీ మందంతో బయటపడుతుంది. ఎర్రగా కాల్చి నూనెలో ముంచినపుడు సన్నని కడ్డీ లోపలి వరకు గట్టిపడుతుంది. లావు కడ్డీ నడిభాగం నెమ్మదిగా చల్లారుట వలన మెత్తగానే మిగులుతుంది. నికెల్, క్రోమియం, మాలిబ్డినం ఈ గట్టిదనమును మరింత లోతుకు చేర్చుతాయి. అందుచేత సన్నని కడ్డీకి ఇ.ఎన్.19 సరిపోయినచోట, లావు కడ్డీకి ఇ.ఎన్.24 అవసరం కావచ్చును. పైపొర మాత్రమే గట్టిగా, లోపల సాగే గుణంతో ఉండవలసిన పళ్ళ చక్రములకు ఇ.ఎన్.36 వంటి తక్కువ కర్బనపు ఉక్కును తీసుకొని పైపొరలోనికి కర్బనమును ఎక్కిస్తారు.

ఏ రకమును ఎంచుకున్నా, లేతు మీద తయారుచేసేటప్పుడు మిగిల్చిన పదునైన మూల, లోతైన గీత ఆ ఉక్కుకు పెట్టిన ఖర్చును వృథా చేయగలవు. అటువంటి మూలల వద్దనే పగులు మొదలవుతుందని వోలర్ పరీక్షలు నిరూపించాయి. యంత్ర నిర్మాణం బోధించే ఇంజనీరింగ్ కళాశాలలలో నేటికీ లోహపు అలసట గురించిన పాఠం సాధారణముగా ఇతని వక్రరేఖతోనే ప్రారంభమవుతుంది. తిరిగే నమూనాను వంచి పరీక్షించే యంత్రములు పనిచేసే సూత్రం కూడా ఇతడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో రూపొందించినదే.