ఫుట్‌బాల్ క్రీడాకారుడు వాల్టర్ టల్

వాల్టర్ టల్ 1888లో ఇంగ్లండులోని ఫోక్‌స్టన్ పట్టణంలో జన్మించారు. తండ్రి బార్బడోస్ ద్వీపం నుండి వచ్చిన నల్లజాతి వడ్రంగి, తాత బానిస. బాల్యంలోనే తల్లిదండ్రులు గతించగా లండన్‌లోని అనాథాశ్రమంలో పెరిగారు. 1909లో ప్రసిద్ధమైన టాటెన్‌హామ్ జట్టులో చేరారు. ఆ సంవత్సరమే బ్రిస్టల్ మైదానంలో కొందరు ప్రేక్షకులు ఆయన వర్ణాన్ని నీచంగా దూషించారు. ఆనాటి ఆయన ఆటను పత్రికా విలేఖరి మెచ్చుకున్నను, జట్టులో ఆయన స్థానం నిలువలేదు.

1911లో దిగువ శ్రేణికి చెందిన నార్తాంప్టన్ జట్టుకు మారారు. దీనిని పతనమనుటకు మేము సమ్మతించము. అచ్చట హాఫ్‌బ్యాక్‌గా, రక్షణకూ దాడికీ నడుమ వారధియై, నూటికి పైగా పోటీలలో ఆడారు.

1914లో సైన్యంలో చేరారు. నల్లవారికి అధికార పదవులు కూడవన్న నిబంధన ఉండగానే 1917లో సెకండ్ లెఫ్టినెంటు అయ్యారు. 1918 మార్చి 25న ఫ్రాన్సు రణరంగంలో నేలకొరిగారు. తోటి సైనికులు ఎంత యత్నించినను ఆయన భౌతికకాయాన్ని తేలేకపోయారు.