విలియం రాక్స్‌బర్గ్ – మన చెట్లకు చిరునామా రాసినవాడు

వృక్షశాస్త్రం పుస్తకంలో చాలా మొక్కల శాస్త్రీయ నామాల చివర ‘రాక్స్‌బ్‌.’ అనే ముక్క ఉంటుంది. పరీక్ష కోసం బట్టీ పడతాం గాని, అది మన గోదావరి ప్రాంతంలో పన్నెండేళ్ళు పనిచేసిన ఒక డాక్టరు పేరని చాలామందికి తెలియదు.

విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండులో పుట్టాడు. ఎడింబరోలో చదివి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు చేరాడు. 1781లో సామర్లకోట వచ్చి తోట వేశాడు. కంపెనీకి కావలసింది లాభం. ఆయనకు కావలసింది మొక్క. మిరియం, నీలి పెంచి చూస్తూనే, దొరికిన ప్రతి మొక్కకూ వర్ణన రాశాడు, ఇక్కడి చిత్రకారుల చేత రంగుల బొమ్మ వేయించాడు. తెలుగువాళ్ళు దాన్ని ఏమంటారో అడిగి అదీ రాసుకున్నాడు. బొమ్మకూ వర్ణనకూ ఒకే నంబరు వేశాడు.

1787 ఉప్పెనలో ఇంజరం దగ్గర ఆయన పుస్తకాలు, సేకరణ నీళ్ళపాలయ్యాయి. అయినా మళ్ళీ మొదలుపెట్టాడు. 1795 నుంచి లండనులో కోరమండల్ తీరపు మొక్కల గ్రంథం వెలువడింది. మా వేంసూరు వైపు అడవిలో ఎండాకాలం కోసే బీడీ ఆకు, అంటే తునికి, శాస్త్రానికి పరిచయమైంది అందులోనే. కోయవారి ఇప్పచెట్టూ అందులో ఉంది.

1793లో కలకత్తా తోటకు అధిపతి అయ్యాక దేశం నలుమూలల నుంచీ, విదేశాల నుంచీ మొక్కలు, విత్తనాలు తెప్పించుకున్నాడు. 1814లో అచ్చయిన ఆ తోట జాబితాలో సుమారు 3,500 జాతులున్నాయి. 1815లో ఎడింబరోలో కన్నుమూశాడు. ఫ్లోరా ఇండికా ఆయన పోయాకనే అచ్చయింది.

ఆయన ఎండబెట్టిన నమూనాలు ఐరోపాలో తలో చోటికీ చెదిరిపోయాయి. 2,500కు పైగా ఉన్న బొమ్మలు ఒక ప్రతి కలకత్తాలో, ఒక ప్రతి లండను దగ్గరి క్యూ తోటలో ఉన్నాయి. పేర్లూ మారాయి. ఆయన బాసియా అన్న ఇప్పను ఇప్పుడు మధుకా అంటున్నాం. పాత పేరుతో వెదికితే సగం సమాచారమే చేతికొస్తుంది, కొత్త పేరుతో వెదికినా అంతే. నేడు కంప్యూటర్లలో ఈ ముక్కలన్నీ కలిపేవాళ్ళకు దారి చూపేవి ఆ నంబర్లూ, ఆ బొమ్మలూ, ఆ ఊరి పేర్లే.

ఒక్క లోటు మాత్రం ఉంది. కోరమండల్ గ్రంథం ముఖపత్రం మీద రాక్స్‌బర్గ్ పేరుంది గాని, బొమ్మ వేసినవారి పేరు లేదు, చెట్టు పేరు చెప్పినవారి పేరూ లేదు. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు గుర్తుపట్టే చెట్లు మా తరానికి సగం తెలియవు. కాబట్టి మిత్రులారా, ఈసారి హెర్బేరియం షీటు మీద లాటిన్ పేరుతో ఆగకండి. ఊరి పేరు, తేదీ, ఆ ఊళ్ళో పిలిచే పేరు, అది చెప్పిన మనిషి పేరు కూడా రాయండి. రాయకపోతే రేపు వెదికేవాడికి ఆ చెట్టు దొరకదు.