శరణార్థి ఇంట పుట్టిన కవి – అమీర్ ఖుస్రో

నాన్నగారికో అమ్మగారికో బదిలీ అయిందంటే మనం పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకుని కొత్త ఊరికి బయలుదేరుతాం. కొత్త తరగతిలో మొదటి రోజే ఎవరో ఒకరు "మీదే ఊరు?" అని అడుగుతారు. పుట్టింది ఒకచోట, చదివింది నాలుగుచోట్ల, అమ్మమ్మగారి ఊరు ఇంకొకచోట. ఏం చెప్పాలో మనకు వెంటనే తోచదు. ఇలాంటి ప్రశ్నకు ఏడు వందల ఏళ్ళ క్రితమే తన కవిత్వంతో జవాబు చెప్పిన మహాకవి ఒకరున్నారు. ఆయనే అమీర్ ఖుస్రో.

ఖుస్రో తండ్రి సైఫుద్దీన్ మహమూద్ మధ్య ఆసియాకు చెందిన తురుష్కుడు. చెంగిజ్ ఖాన్ సైన్యాలు అక్కడి నగరాలను నేలమట్టం చేసిన రోజులవి. ప్రాణాలు దక్కించుకోవడానికి ఎందరో ఇల్లూ వాకిలీ వదిలి మన దేశానికి వచ్చారు. వారిలో ఆయన ఒకరు. మనం ఊరు మారితే చేతిలో బదిలీ ఉత్తర్వు, కొత్త ఊళ్ళో ఒక బడి ఉంటాయి. వారికి అలాంటి ఆసరా లేదు. తిరిగి వెళ్ళడానికి ఊరూ మిగల్లేదు. ఢిల్లీ సుల్తాను ఇల్తుత్‌మిష్ ఆయనకు కొలువిచ్చి ఆదరించాడు. ఆయన ఇక్కడి కుటుంబానికి చెందిన అమ్మాయిని పెళ్ళాడారు.

ఆ దంపతులకు 1253లో, నేటి ఉత్తరప్రదేశ్‌లోని పటియాలీలో ఖుస్రో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి యుద్ధంలో మరణించగా, ఢిల్లీలో తాతగారింట పెరిగారు. తండ్రి వైపు నుంచి పారశీకం, తల్లి వైపు నుంచి హిందవీ ఆయనకు అబ్బాయి. ఊహ తెలిసినప్పటి నుంచే పద్యాలు అల్లేవారు.

కొలువు కోసం ఆయన కూడా మనలాగే ఊళ్ళు తిరిగారు. బెంగాల్, ముల్తాన్, అవధ్ చూశారు. ముల్తాన్‌లో ఉండగా 1285లో మంగోలులతో యుద్ధం జరిగింది. ఆయనను ఆదరించిన యువరాజు ముహమ్మద్ ఆ పోరులో చనిపోయాడు. ఖుస్రో బందీగా చిక్కారు. ఏ మంగోలుల వల్ల తండ్రి దేశం విడిచారో, వారి చేతికే కొడుకూ చిక్కడం ఎంత విచిత్రం! మండుటెండలో నడిపించుకుపోతుండగా ఒక ఏరు వచ్చింది. కాపలావాడూ వాడి గుర్రమూ గడగడా నీళ్ళు తాగి కూలిపోయారు. పెదవులు మాత్రమే తడుపుకున్న ఖుస్రో తప్పించుకున్నారు. యువరాజును తలచుకుని ఆయన రాసిన స్మృతి కావ్యం ఢిల్లీ వాసులను కంటతడి పెట్టించింది.

తర్వాత సుల్తానులు ఒకరి తర్వాత ఒకరు మారినా కవిగా ఖుస్రో స్థానం చెదరలేదు. ఆయన మనసు మాత్రం గురువైన నిజాముద్దీన్ ఔలియా దగ్గరే ఉండేది. పారశీక సంగీతాన్నీ ఇక్కడి సంగీతాన్నీ కలిపిన విద్వాంసుడిగా ఆయనకు పేరు. సితార్, తబలా ఆయనే కనిపెట్టారన్న మాటను చరిత్రకారులు అంగీకరించరు. ఖవ్వాలీ గాయకులు మాత్రం ఆయననే తమ మూలపురుషుడిగా కొలుస్తారు.

1318లో ఆయన 'నుహ్ సిపిహర్' అనే పారశీక కావ్యం రాశారు. అంటే 'తొమ్మిది ఆకాశాలు'. అందులో ఒక భాగమంతా మన దేశపు గొప్పతనమే. ఇక్కడి అంకెలు, చదరంగం, పువ్వులు, పక్షులు, పండితులు, అన్నిటినీ మెచ్చుకున్నారు. ఇది తాను పుట్టిన నేల కనుక దీన్ని ప్రేమిస్తున్నానని చెప్పుకున్నారు. ఈ దేశంలోని భాషలను లెక్కపెడుతూ కశ్మీరీ, బెంగాలీలతో పాటు 'తిలంగీ' అని మన తెలుగునూ చేర్చారు. అంతకుముందు ఓరుగల్లుపై ఢిల్లీ సైన్యం సాధించిన విజయాన్ని వర్ణించిన కవి కూడా ఆయనే. ఆస్థాన కవిగా అది రాయక తప్పలేదేమో! కానీ ఓడిన వారి భాషకు కూడా దేశ భాషల వరుసలో చోటిచ్చారు. మాకు అందుకే ఆయన మరింత దగ్గరివారనిపిస్తారు.

1325లో ఖుస్రో సుల్తాను వెంట బెంగాల్ వెళ్ళినప్పుడు గురువు కన్నుమూశారు. తిరిగి వచ్చిన ఖుస్రో ఆ దుఃఖం నుంచి తేరుకోలేదు. కొన్ని నెలలకే, అదే ఏడాది, తనువు చాలించారు. గురువు సమాధి సమీపంలోనే ఆయన సమాధి ఉంది. తెలుగు ప్రాంతాల నుంచి ఢిల్లీ వెళ్ళే కొన్ని రైళ్ళు హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్‌కు చేరతాయి. ఆ పేరు ఈ గురువుగారిదే. స్టేషన్‌కు కొద్ది దూరంలోని ఆ దర్గాలో నేటికీ ఖవ్వాలీలు వినిపిస్తాయి.

అన్నీ పోగొట్టుకుని వచ్చిన ఒక తండ్రికి ఈ దేశం నీడనిచ్చింది. ఆయన కొడుకు ఈ దేశానికి పాటనిచ్చాడు. మన తరగతికి కొత్తగా ఎవరైనా వస్తే "మీదే ఊరు?" అని అడిగి ఊరుకోవద్దు. పక్కన కూర్చోబెట్టుకుని, "మీ భాషలో ఒక పాట పాడవా?" అని కూడా అడుగుదాం.