పాలను డబ్బాలో నిలిపిన గెయిల్ బోర్డెన్

బిలాస్‌పూర్ రైల్వే ఉద్యోగాల్లో స్థిరపడిన తెలుగు ఇళ్లలోనైనా, మన ఊళ్లోనైనా పండగ పాయసం కోసం తెరిచే కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా వెనుక ఓ అమెరికన్ జీవితం ఉంది.

గెయిల్ బోర్డెన్ 1801లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. బడి చదువు తక్కువే. టెక్సాస్‌లో సర్వేయర్‌గా పనిచేశారు, పత్రిక నడిపారు. మాంసంతో చేసిన బిస్కెట్‌కు 1851లో లండన్ ప్రదర్శనలో పతకం వచ్చినా, ఆ వ్యాపారం ఆయన్ని ముంచేసింది. తిరుగు ప్రయాణంలో ఓడలో మంచి పాలు అందక పసిపిల్లలు చనిపోవడం ఆయనను కదిలించిందని చెబుతారు.

గాలి తీసేసిన పాత్రలో పాలు తక్కువ వేడికే మరుగుతాయి, మాడవు. ఈ పద్ధతికి 1856లో పేటెంట్ సాధించారు. చక్కెర కలిపితే ఆ పాలు నెలల తరబడి నిలిచాయి. అంతర్యుద్ధంలో సైన్యం కొనడంతో ఆయన దశ తిరిగింది. 1874లో కన్నుమూశారు.

పసివాళ్ల కోసం తలపెట్టిన ఆ పాలే తర్వాత వాళ్లకు చేటయ్యాయి. వెన్న తీసిన డబ్బా పాలతో పెరిగిన పిల్లల్లో రికెట్స్ కనిపించింది. తల్లిపాలకు బదులుగా వీటిని అమ్మడాన్ని 1939లో సింగపూర్‌లో డాక్టర్ సిసిలీ విలియమ్స్ తీవ్రంగా ఖండించారు.

డబ్బా బరువులో దాదాపు సగం చక్కెరే. పాయసంలో ఇది పడితే వేరే చక్కెర అక్కర్లేదు. పాలసీసాలోకి మాత్రం అసలే వద్దు.