భాస్వరపు లెక్క: యల్లాప్రగడ సుబ్బారావుగారు

భీమవరమున 1895 జనవరి 12న జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు చెప్పగనే ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిన్ స్ఫురించును. కాని వారి కీర్తికి తొలిమెట్టు భాస్వరము. ఉక్కును పెళుసుచేయు దోషముగానే దాని నెరిగిన జంషెడ్‌పూరువారికి ఇది వింతగా తోచవచ్చును.

బాల్యము పేదరికమున గడచెను. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసి వచ్చెను. భార్యను స్వదేశమున విడిచి బోస్టను చేరి, ఆసుపత్రిలో చాకిరి చేయుచు హార్వర్డులో చదివిరి. మరల స్వదేశమును చూడలేదు.

1925లో సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవమునకు ఆమ్లమును, మాలిబ్డేటును, వేఱొక ద్రవ్యమును కలిపినచో నీలవర్ణము పుట్టును. ఆ రంగు గాఢతయే భాస్వరపు కొలత. రక్తము, మూత్రము కొరకు ఏర్పడిన యీ పద్ధతి తరువాత మొక్కల, నేలల పరీక్షలకు సైతము ఉపకరించెను. దీని సాయముననే 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియాటిన్ అను శక్తినిలువను, 1929లో ఏ.టి.పి.ని వారు వెల్లడించిరి.

భాస్వరపు లెక్క దేహముతో ముగియదు. నత్రజనివలె అది గాలినుండి లభింపదు. శిలలనుండి మెల్లగా విడివడును. దల్మా కొండల ఎఱ్ఱనేలలో ఇనుము దానిని బంధించి మొక్కలకు చిక్కనీయదు. అయినను సాలవృక్షములు నిలిచియున్నవి. వేళ్లనంటిన శిలీంధ్రములు భాస్వరమును సేకరించి చెట్టున కందించును. రాలిన ఆకును సూక్ష్మజీవులు కుళ్లబెట్టి, కొంత తమ దేహములలో దాచి, కొంత మరల వేళ్లకు విడుచును. నిలువ స్వల్పమే, చేతులు మారుచుండుటచేతనే అడవి సాగుచున్నది. ఆకును ఏటేట ఊడ్చి తీసికొనిపోయినచో ఈ ఖాతా తఱుగును.

సముద్రమందును ఇట్టిదే. హార్వర్డులోనే బోధించిన ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డు, తేలియాడు సూక్ష్మజీవులలోను లోతునీటిలోను నత్రజని 16 పరమాణువులకు భాస్వరము 1 చొప్పున నుండుట గమనించి, ఈ పొందికను నిలుపునవి జీవులేయని 1958లో వివరించెను. నత్రజని తగ్గినచో కొన్ని జీవులు గాలినుండి తెచ్చి పూడ్చును, భాస్వరమే హద్దు.

సుబ్బారావుగారికి హార్వర్డులో స్థిరపదవి దక్కలేదు. ఇది ఆ విద్యాలయమునకు వన్నె తెచ్చిన విషయము కాదు. 1940లో లెడర్లే ప్రయోగశాలలు చేరిరి; నేలలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ వెలువడినది వారి నాయకత్వముననే. 1948 ఆగస్టులో మరణించిరి. 1953లో ఒక బూజు ప్రజాతికి సుబ్బరోమైసిస్ అని వారి పేరు పెట్టబడెను. మురుగునీటిని శుద్ధిచేయు వడపోతరాళ్లపై అది పెరుగును.